అమ్మానాన్నలకి సొంతూరు, పిల్లకి పరదేశం

అమెరికా నుంచి తిరిగొచ్చిన ఏ కుటుంబాన్నైనా ఓ ఆర్నెల్ల తర్వాత పలకరించండి. "ఆ, సెటిల్ అయిపోయాం అండీ" అంటారు. ఇల్లు దొరికింది, కారు వచ్చింది, వంటమనిషి కుదిరింది, ఆఫీసు గచ్చిబౌలిలోనే. మరి పిల్ల ఎలా ఉందండీ అని అడిగితే, పిల్ల పక్కనే నిలబడి ఉన్నా సరే, జవాబు మాత్రం అమ్మానాన్నలే చెప్పేస్తారు: "పిల్లలకేముందండీ, ఇట్టే కలిసిపోతారు." ఆ పిల్ల ఏమీ అనదు. అసలు సంగతి అక్కడే ఉందని నా అనుమానం.

నేను నల్లగండ్లలో మా ఇంట్లోనే సాయంత్రం పూట పిల్లలకి తెలుగు చెప్తాను. వచ్చేవాళ్లలో చాలామంది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి, అక్కడే రెండో గ్రేడో మూడో గ్రేడో చదివి ఇక్కడికి వచ్చినవాళ్లు. గ్రీన్‌కార్డు క్యూ కదలక వచ్చినవాళ్లున్నారు, ఉద్యోగం పోయి వచ్చినవాళ్లున్నారు, అమ్మానాన్నలని చూసుకోవాలని వచ్చినవాళ్లున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక ఇక అక్కడ నమ్మకం లేదని సర్దుకున్నవాళ్లూ ఉన్నారు. కారణం ఏదైనా పెద్దవాళ్ల లెక్కలో ఇది తిరిగి రావడం, పిల్ల లెక్కలో మాత్రం వలస. ఎనిమిదేళ్లు పెరిగిన ఊరు, బడి, బెస్ట్ ఫ్రెండ్, తను ఆలోచించే భాష అన్నీ వదిలేసి, సెలవుల్లో ఒకటి రెండుసార్లు చూసిన ఊరికి వచ్చింది. చిక్కేంటంటే చూడ్డానికి మనలాగే ఉంటుంది, పేరు మన పేరే, ఇంట్లో తినేది పప్పన్నమే, అందుకని బడి కూడా ఆ పిల్లని వలస వచ్చిన పిల్లగా గుర్తించదు. గుర్తిస్తే దొరకాల్సిన వెసులుబాటు ఏదీ దొరకదు.

దీన్ని తిరగేసి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. కూకట్‌పల్లిలో చదువుకుంటున్న పిల్లవాడు టెక్సస్‌లో ఏదో బడిలో చేరాడనుకుందాం. అడ్మిషన్ కాగితాల్లోనే హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒకటి ఇస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడు ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు అని అడుగుతారు. తెలుగు అని రాశారా, పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత వచ్చో పరీక్ష పెడతారు, చాలకపోతే ఈఎస్ఎల్ క్లాసు (ఇంగ్లీషుని రెండో భాషగా నేర్పే క్లాసు) ఇస్తారు. అది టీచరు దయ మీద ఆధారపడింది కాదు, దాని వెనక 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లల తరఫున వేసిన కేసు అది, లావ్ వర్సెస్ నికోల్స్ అంటారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదు, భాష రాని పిల్లకి ఆ పుస్తకం ఉన్నా లేనట్టే అన్నది ఆ తీర్పు సారం. (మనవాళ్లు చాలామంది ఈఎస్ఎల్‌లో పడేస్తారని భయపడి ఆ సర్వేలో ఇంగ్లీషు అని రాస్తారు, అది వేరే కథ.)

ఇప్పుడు అదే పిల్లవాడు టెక్సస్‌లో పుట్టి కూకట్‌పల్లి బడికి వస్తే? సర్వే లేదు, భాష పరీక్ష లేదు, తెలుగు రానివాళ్లకి విడిగా తెలుగు క్లాసు అన్నది ఏదో ఒకటీ అరా బడుల్లో తప్ప లేదు. నాలుగో తరగతిలో కూర్చోబెట్టి నాలుగో తరగతి తెలుగు వాచకం చేతిలో పెడతారు. హిందీ వాచకం కూడా. మొన్నటిదాకా ఒకే లిపిలో చదివి రాసిన పిల్లకి ఒకే జూన్ నెలలో మూడు లిపులు.

తెలుగు తప్పించుకునే దారి కూడా లేదు, ఉండాలని నేను అననూ అనను. తెలంగాణలో 2018లో చట్టం వచ్చింది. ఒకటి నుంచి పదో తరగతి దాకా, బోర్డు సీబీఎస్ఈ అయినా ఐసీఎస్ఈ అయినా ఐబీ అయినా తెలుగు చెప్పి తీరాలి. 2018-19లో ఒకటో తరగతితో, ఆరో తరగతితో మొదలుపెట్టి ఏటా పైకి తీసుకెళ్లారు. ఆ పై తరగతుల దగ్గరికొచ్చేసరికి పిల్లలు పడుతున్న ఇబ్బంది చూసి, 2025లో ఈ బోర్డుల తొమ్మిది, పది తరగతులకి మామూలు వాచకం 'సింగిడి' బదులు 'వెన్నెల' అనే సరళమైన వాచకం పెట్టుకోవచ్చన్నారు. మంచిదే. కానీ మూడో తరగతిలోనో ఐదో తరగతిలోనో మధ్యలో వచ్చి పడిన పిల్ల సంగతేంటి అన్నది బడి బడికీ మారిపోతుంది. కొన్ని బడులు అడిగితే మొదటి సంవత్సరం ఒకటో తరగతి స్థాయి ప్రశ్నపత్రం ఇస్తాయి. అడగనివాళ్లకి ఇచ్చిన బడిని నేనైతే చూడలేదు, కాబట్టి అడ్మిషన్ రోజే అడగండి, వీలైతే మెయిల్ రూపంలో ఒప్పించుకోండి.

ఈ పిల్లల తెలుగు గురించి పెద్దవాళ్లు రెండు రకాలుగా పొరబడతారు. "మావాడికి తెలుగు బాగా వచ్చండీ, నానమ్మతో గలగలా మాట్లాడతాడు" అనేది ఒకటి, "దీనికి తెలుగు ముక్క రాదు" అనేది రెండోది. జిమ్ కమిన్స్ అనే కెనడా భాషావేత్త 1979 ప్రాంతంలోనే ఈ ముడి విప్పాడు. మాటామంతీకి పనికొచ్చే భాష వేరు, పాఠం చదివి అర్థం చేసుకుని రాసే భాష వేరు అన్నాడు. కొత్త దేశానికి వచ్చిన పిల్లలకి మొదటిది దాదాపు రెండేళ్లలో వచ్చేస్తుంది, రెండోది తోటిపిల్లల స్థాయికి చేరడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. నానమ్మతో మాట్లాడే తెలుగు మొదటి రకం. "క్రింది వాక్యాలలోని సర్వనామములను గుర్తింపుము" అన్నది రెండో రకం. అది ఇక్కడే పుట్టిన పిల్లలకే సరిగ్గా రావట్లేదు!

లిపి విషయం దగ్గరగా చూస్తే తప్ప పెద్దవాళ్లకి తట్టదు. అక్షరాలు, గుణింతాలు రెండు మూడు నెలల్లో వస్తాయి, ఎందుకంటే వాటికో పద్ధతి ఉంది. గండం ఒత్తుల దగ్గర. క కి క ఒత్తు, ప కి ప ఒత్తు ఇచ్చినప్పుడు కింద ఉన్నది పైదానికి చిన్న రూపమే అని పిల్ల పట్టేస్తుంది. తర్వాత త ఒత్తు, న ఒత్తు, మ ఒత్తు, య ఒత్తు, ర ఒత్తు, ల ఒత్తు వస్తాయి, వీటికీ అసలు అక్షరానికీ పోలికే ఉండదు. ఒక పాప 'చక్రం' రాస్తూ పెన్సిలు ఆపి నన్ను అడిగింది: "ఆంటీ, ర సౌండ్ తర్వాత కదా వస్తుంది, మరి దాన్ని కిందనుంచి ముందుకి ఎందుకు తిప్పుతారు?" నిజమే, ఎందుకు తిప్పుతాం? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్లకి ఇది కనపడదు. ఆ ప్రశ్న అడగ్గలిగిన పిల్లకి బుర్ర లేక కాదు తెలుగులో ఇరవైకి నాలుగు వచ్చింది. కానీ ప్రోగ్రెస్ రిపోర్టులో ఆ నాలుగే కనపడుతుంది, పీటీఎంలో ఆ నాలుగు గురించే మాట్లాడతారు.

హిందీ ఇంతకంటే కష్టం, ఎందుకంటే తెలుగుకి ఇంట్లో కనీసం చెవికి అలవాటైన మాటలున్నాయి, హిందీకి అవీ లేవు. గేటెడ్ కమ్యూనిటీలో కింద ఆడుకునే పిల్లలు హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకుంటారు కాబట్టి కొన్నాళ్లకి ఆట హిందీ వస్తుంది, అదీ మన హైదరాబాదీ హిందీ, పరీక్షలో రాస్తే మార్కులు రావు. మూడు భాషల్లో దేనికి ముందు బలం పెట్టాలి అని అడిగితే నేను తెలుగు అంటాను, తెలుగు ట్యూషన్ చెప్పే మనిషిని కాబట్టి మీరు దాన్ని కాస్త తగ్గించి తీసుకోండి. కానీ ఒకేసారి రెండింటికీ ట్యూషన్ పెట్టి, దానికి తోడు అబాకస్ కూడా తగిలించి, సాయంత్రం పూట పిల్లని కిందకి దిగనివ్వకపోతే మాత్రం రెండూ రావు. ఆడుకునే చోట వచ్చే భాష ఏ ట్యూషన్‌లోనూ రాదు.

ఇక ఇంగ్లీషు. "ఇంగ్లీషు బాగా వచ్చు కదా, ఇంకేం టెన్షన్" అంటారు. ఇక్కడ నాకు వింతగా అనిపించే సంగతి ఇది: చాలామంది పిల్లలకి మొదటి దెబ్బ తగిలేది ఇంగ్లీషు క్లాసులోనే. అక్కడ చదివిన కథ గురించి నీకేమనిపించింది, ఎందుకనిపించింది అని సొంతంగా రాయడం నేర్పారు. ఇక్కడ పాఠం చివర ప్రశ్నకి టీచరు బోర్డు మీద రాసిన జవాబు ఉంటుంది, నోట్సులో దించుకోవాలి, పరీక్షలో అదే రావాలి. సొంత మాటల్లో రాస్తే మార్కు కట్. బోర్డు మీద చెరిపేసేలోపు దించుకునే వేగం వాళ్లకి ఉండదు, దానికి తోడు కర్సివ్. అక్కడ విడివిడి అక్షరాలు రాసినవాళ్లు ఇక్కడ కలిపిరాత రాయాలి, చదవాలి కూడా. కలర్ అన్న మాటలో ఒక 'యు' ఎక్కువ పెట్టాలి, 'జీ' అనే అక్షరాన్ని 'జెడ్' అనాలి, తేదీ రాస్తే ముందు రోజు, తర్వాత నెల. ఇవన్నీ విడివిడిగా చిన్నవే. రోజంతా ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఇంగ్లీషు నా భాష అనుకున్న పిల్లకి అదీ పోయినట్టు అనిపిస్తుంది.

యాస గురించి విడిగా చెప్పాలి. మొదటి వారం అందరూ చుట్టూ మూగి "ఏదీ, వాటర్ అను" అంటారు. రెండో వారం అదే మాటకి నవ్వుతారు. నాకు తెలిసిన పిల్లలు ఎక్కువమంది దసరా సెలవులకల్లా రెండు యాసలు తయారు చేసుకుంటారు, బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి. వాళ్లు నకిలీగా మాట్లాడుతున్నారని కంగారు పడకండి, భాషలు తెలిసినవాళ్లు చేసే పనే అది. బంధువుల ముందు కూర్చోబెట్టి "ఆ అమెరికా యాసలో ఒక రైమ్ చెప్పమ్మా" అనడం మాత్రం ఆపేయండి.

లెక్కల్లో అమెరికా పిల్లలు వెనకబడి ఉంటారన్నది మనకి బాగా ఇష్టమైన మాట, సగమే నిజం. అక్కడ చాలా రాష్ట్రాల్లో మూడో గ్రేడ్ అయ్యేసరికి ఒక అంకె గుణకారాలు నోటికి రావాలి. ఇక్కడ చాలా బడుల్లో రెండో తరగతిలోనే ఎక్కాలు మొదలు, నాలుగైదుకి ఇరవయ్యో ఎక్కం దాకా ఒప్పచెప్పాలి. వేగంలో తేడా ఉంటుంది, ఆ తేడా ఏడాదిలో పూడుతుంది. అంతకంటే ఇబ్బంది పెట్టేది మిలియన్ పోయి లక్షలు, కోట్లు రావడం, కామా పెట్టే చోటు మారడం, మైళ్లు పోయి కిలోమీటర్లు రావడం, జ్వరం వస్తే తప్ప ఫారెన్‌హీట్ వినపడకపోవడం.

ఏ తరగతిలో వేయాలి అన్నది కుటుంబాల్లో పెద్ద గొడవ. టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్, ఆరు నిండితే ఒకటో గ్రేడ్. ఇక్కడ 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లు అంటుంది గానీ, అంతకుముందు చేరినవాళ్లలో ఐదేళ్లకే ఒకటిలో కూర్చున్నవాళ్లు బోలెడుమంది, కాబట్టి అదే తరగతిలో మీ పిల్ల కంటే ఏడాది చిన్నవాళ్లు ఉండొచ్చు. దానికి తోడు క్యాలెండర్లు కలవవు. అక్కడ ఆగస్టులో మొదలై మేలో ముగుస్తుంది. ఇక్కడ స్టేట్ సిలబస్ బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, సీబీఎస్ఈ బడులు కొన్ని మార్చి చివరో ఏప్రిల్లోనో మొదలుపెట్టేస్తాయి, ఐబీ బడులు ఆగస్టులో. డిసెంబరులో దిగిన కుటుంబానికి పిల్ల సగం మూడో తరగతా, నాలుగా అన్నది తేలదు. తాతయ్య "సంవత్సరం ఎందుకు వేస్ట్ చేయడం" అంటారు. వయసుకి తగ్గ తరగతిలో వేయండి, అనుమానం ఉంటే కింది తరగతికే మొగ్గండి. రెండు కొత్త భాషలు నేర్చుకోవాల్సిన పిల్లకి ఒక ఏడాది దొరికితే అది వేస్ట్ ఎలా అవుతుంది?

చదువు పక్కన పెడితే, క్లాసురూమ్ అనే చోటే వేరు. టెక్సస్ చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా క్లాసుకి 22 మంది దాటకూడదు. మన విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు అంటుంది, ప్రైవేటు బడుల్లో నలభై మంది ఉన్న సెక్షన్ ఎవరికీ ఆశ్చర్యం కాదు. ఆ శబ్దమే కొంతమంది పిల్లలకి మొదటి నెలంతా తలనొప్పి. టీచరు లోపలికి రాగానే లేచి నిలబడి రాగం తీస్తూ గుడ్ మార్నింగ్ చెప్పాలి, పేరు పెట్టి మిస్ ఫలానా అనకూడదు, మేడమ్ అనాలి. టీచరు అరుస్తుంది. మన పిల్లలకి అది ఫ్యాన్ చప్పుడుతో సమానం, ఎవరిని అంటున్నారో వాళ్లు తప్ప మిగతావాళ్లు పట్టించుకోరు. కొత్తగా వచ్చిన పిల్ల మాత్రం వేరేవాళ్లని తిట్టినా తనని తిట్టినట్టే బిగుసుకుపోతుంది. పిల్లలని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధమే. మామూలు గదమాయింపుకీ వేధింపుకీ తేడా ఎక్కడో పిల్లకి ముందే చెప్పి ఉంచితే సగం భయం పోతుంది, ఆ గీత దాటిన రోజు మీకు వచ్చి చెప్తుంది కూడా.

తిండి దగ్గర ఒక ముఖ్యమైన మాట. అక్కడ బడిలో పక్కవాళ్ల డబ్బాలోది ముట్టుకోవద్దు, నీది ఇవ్వొద్దు అని నేర్పుతారు, అలర్జీల భయం. ఇక్కడ లంచ్ బెల్ కొట్టగానే అందరి చేతులూ అందరి బాక్సుల్లో ఉంటాయి, స్నేహం మొదలయ్యేదే అక్కడ. తన డబ్బా దగ్గరికి లాక్కున్న పిల్లకి "పొగరు" అనే పేరు ఒక్క రోజులో వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పి, మొదటి రెండు వారాలు నలుగురికి సరిపోయేలా కట్టి పంపించండి. కానీ పిల్లకి నిజంగానే పల్లీ అలర్జీ ఉంటే ఇదంతా తలకిందులు. మన దగ్గర పల్లీ చిక్కీ, పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీ, ఎక్కడ లేదు? పల్లీలు నిషేధించిన బడులు ఇక్కడ అరుదు, అలర్జీ ముదిరితే వెంటనే పొడుచుకునే ఇంజెక్షన్ ఎపిపెన్, అక్కడ జేబులో పెట్టుకు తిరిగేది, ఇక్కడ మందుల షాపులో తేలిగ్గా దొరకదు. వచ్చేటప్పుడే డాక్టరుతో మాట్లాడి తెచ్చుకోవాలి, క్లాస్ టీచరుకి, బస్సు ఆయాకి కూడా చెప్పాలి.

బాత్రూమ్ సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తాను. బడిలో బాత్రూమ్‌కి వెళ్లడం ఇష్టంలేక ఉదయం నుంచి మూడున్నర దాకా నీళ్లు తాగకుండా ఉండే పిల్లలు చాలామంది. తర్వాత మూత్రంలో ఇన్ఫెక్షన్, కడుపునొప్పి, బడికి వెళ్లనని ఏడుపు. మనం దాన్ని హోమ్‌సిక్ అనుకుంటాం. బాటిల్ నిండుగా తిరిగొస్తోందా అని రోజూ చూడండి. చేరకముందే బడికి తీసుకెళ్లి బాత్రూమ్ చూపించండి, ఇండియన్ టాయిలెట్ ఉంటే ఊళ్లో ఎక్కడైనా అలవాటు చేయండి. టీకాల కార్డు కూడా అప్పుడే పీడియాట్రీషన్‌కి చూపించండి, బీసీజీ, టైఫాయిడ్ అమెరికాలో మామూలు షెడ్యూల్‌లో వేయరు.

ఇవన్నీ మొదటి నెలలోనే బయటపడితే బాగుండేది. పడవు. మొదటి నెలలు అంతా బాగానే ఉంటుంది, కజిన్స్, చార్మినార్, బోనాలు, అమ్మమ్మ ఇల్లు, ఆదివారం ఆదివారం ఎవరో ఒకరింట్లో భోజనం. కొత్త సమాజంలోకి వచ్చినవాళ్లకి మొదట ఒక హనీమూన్ దశ ఉంటుందని, తర్వాతే చిరాకు మొదలవుతుందని కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1950లలోనే చెప్పాడు, కల్చర్ షాక్ అనే మాటకి ప్రచారం తెచ్చింది ఆయనే. మన పిల్లల్లో ఆ జారుడు దసరా సెలవులు అయ్యాక కనపడుతుంది. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) మార్కులు వచ్చి ఉంటాయి, బతుకమ్మ సందడి అయిపోయి ఉంటుంది, అక్కడ పాత ఫ్రెండ్స్ హాలోవీన్ ఫొటోలు పంపిస్తారు. (మన గేటెడ్ కమ్యూనిటీల్లో హాలోవీన్ కూడా వచ్చేసింది లెండి, అయినా అది అది కాదంటారు పిల్లలు.) జూన్‌లో హుషారుగా ఉన్న పిల్ల అక్టోబరులో ముడుచుకుపోతే "ఇప్పుడేమొచ్చింది, అలవాటైపోయింది కదా" అనకండి. వాళ్లకి సెలవులు అయిపోయాయని అర్థమైంది, ఇక వెనక్కి వెళ్లడం లేదని కూడా.

ఇంకో పాత సంగతి ఉంది. ఇలా రెండు దేశాల మధ్య పెరిగే పిల్లలని థర్డ్ కల్చర్ కిడ్స్ అంటారు, ఆ పేరు పెట్టింది రూత్ యూసీమ్ అనే అమెరికా సామాజికవేత్త. 1950లలో ఆమె తన పిల్లలతో సహా వచ్చి ఉండి, విదేశీ కుటుంబాలని గమనించిన దేశం ఇండియానే. అప్పుడు ఆమె చూసిన అమెరికా పిల్లలని చూడగానే పరాయివాళ్లని తెలిసిపోయేది, అందుకని తడబడినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. మన పిల్లలకి ఆ వెసులుబాటు లేదు.

మాట్లాడకపోవడం ఎప్పుడు మామూలు, ఎప్పుడు కాదు? కొత్త భాష మధ్యలో పడిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, వింటూ ఊరుకుంటారు. ఆ సమయంలో లోపల భాష పోగవుతూ ఉంటుంది, బలవంతంగా మాట్లాడించనక్కర్లేదు. సెలెక్టివ్ మ్యూటిజం వేరు, ఇంట్లో గలగలలాడే పిల్ల బడిలో నోరు విప్పలేకపోవడం. దాన్ని నిర్ధారించేటప్పుడు బడిలో చేరిన మొదటి నెలని లెక్కలోకి తీసుకోరు, భాష రాకపోవడం వల్ల వచ్చిన మౌనాన్నీ తీసుకోరు. కాబట్టి తెలుగు క్లాసులో మాట్లాడకపోతే ఆగొచ్చు. తనకి బాగా వచ్చిన ఇంగ్లీషులో కూడా, ఒంటరిగా ఉన్న స్నేహితురాలితో కూడా, నెలల తరబడి మాట్లాడకపోతే మాత్రం పిల్లల సైకాలజిస్టుని కలవాలి.

అక్కడ ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లకి బడి విడిగా రాసిచ్చే చదువు ప్రణాళిక) ఉన్న పిల్లల సంగతి ఇంకా సున్నితం. అది 1975 నాటి చట్టం మీద నిలబడ్డ కాగితం, అందులో రాసిన స్పీచ్ థెరపీ, అదనపు సమయం బడి ఇచ్చి తీరాలి. విమానం దిగగానే ఆ కాగితానికి చట్టబలం పోతుంది. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, సమ్మిళిత విద్య గురించి అందులో ఉంది, కానీ ప్రైవేటు బడిలో చేతికి అందేది ఎక్కువగా షాడో టీచర్, అంటే క్లాసులో పిల్ల పక్కనే ఉండి సాయం చేసే మనిషి, ఆ జీతం మీరే ఇచ్చుకోవాలి. ఈ కుటుంబాలు ఇల్లు వెతికే ముందు బడి వెతకాలి. కొంతమంది అడ్మిషన్ పోతుందని ఐఈపీ సంగతి దాచేస్తారు. ఒక బడి విని "సీట్లు లేవండీ" అన్నది నాకు తెలుసు, కాబట్టి ఆ భయం ఉత్తిది కాదు. అయినా దాచి చేర్చిన బడిలో ఆ పిల్ల రోజూ గడపాలి కదా.

కాగితాల గురించి త్వరగా చెప్పేస్తాను. ఇక్కడ అందరూ అడిగే టీసీ అనేది అమెరికాలో లేదు. బయల్దేరే ముందు అక్కడి బడి నుంచి లెటర్‌హెడ్ మీద ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఏ గ్రేడ్ చదివిందో రాయించుకుని, రిపోర్టు కార్డులు తెచ్చుకోండి. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంటే వీసా గొడవ లేదు (ఆ పథకాన్ని 2006 జనవరిలో మొదలుపెట్టింది మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్ సభలో). బడిలో అపార్ ఐడీకి (విద్యార్థులకిచ్చే గుర్తింపు నంబరు) ఆధార్ అడుగుతారు, ఓసీఐ పిల్లలకి ఆధార్ రావాలంటే గత పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి, కాబట్టి ఆర్నెల్లు ఆగమని బడికి చెప్పండి. పదహారేళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది, దానికి నానక్‌రామ్‌గూడ కాన్సులేటు. ఇక మూడో తరగతి పిల్లకి నీట్ గోల ఎందుకంటారా, హైదరాబాద్ కదండీ, అడిగేవాళ్లుంటారు: 2021 మార్చి 4 నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్ రాసినా ఎన్నారై సీట్లకి, సూపర్‌న్యూమరరీ సీట్లకే (ఉన్నవాటికి పైన అదనంగా పెట్టేవి) పోటీ పడాలి. ఆ తేదీకి ముందే ఓసీఐ కార్డు వచ్చినవాళ్లకి ఇది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కార్డు మీద తేదీ ఒకసారి చూసుకోండి.

పిల్లకి నిజంగా పనికొచ్చేవి ఏంటని అడిగితే నా దగ్గర పెద్ద జాబితా లేదు. మొదటిది, బస్సులోనో అపార్ట్‌మెంట్‌లోనో ఒక్క స్నేహం. పదిమంది అక్కర్లేదు. అదే స్టాప్‌లో ఎక్కే పిల్లని శనివారం ఇంటికి పిలిచి దోసెలు వేసిపెడితే, సోమవారం ఆ బస్సులో పక్కసీటు దొరుకుతుంది. రెండోది, పాత స్నేహాన్ని కొయ్యకండి. వేసవిలో ఇక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర అంటే డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిది, వారానికో వీడియో కాల్‌కి అది మంచి టైమ్. "ఆ ఫ్రెండ్స్‌తో మాట్లాడుతుంటే ఇక్కడ కలవదు" అనే మాట చాలా ఇళ్లలో వింటాను, నేను చూసినంతలో అది తప్పు. మూడోది, తెలుగుకి రోజుకి పదిహేను ఇరవై నిమిషాలు చాలు, అందులో సగం వినడమే ఉండనివ్వండి. అమ్మమ్మ చెప్పే కథ, షాపు బోర్డులు చదవడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం. 'పటాన్‌చెరు' తనంతట తాను చదివిన రోజు ఒక బాబు నాకు ఫోన్ చేయించి మరీ చెప్పాడు, వాచకంలో ఏ పాఠానికీ అంత సంబరపడలేదు.

చివరగా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి ఉంది, అమ్మానాన్నలు దానికే ఎక్కువ తడబడతారు: "మనం వెనక్కి వెళ్తామా?" వాళ్లకే తెలియదు పాపం. అందుకని "చూద్దాంలే" అంటారు, లేదా పిల్ల ఏడ్చిన రోజు "వెళ్దాంలే" అనేస్తారు. "చూద్దాం" అన్న ప్రతిసారీ పిల్ల ఇక్కడి స్నేహాలు, ఇక్కడి తెలుగు పుస్తకం పక్కకి పెట్టేస్తుంది, రేపు వెళ్లిపోయేదానికి ఇదంతా ఎందుకని. తెలిసినంత వరకే చెప్పండి, కానీ గట్టిగా చెప్పండి: "ఈ క్లాసు అయ్యేదాకా ఇక్కడే ఉంటాం. వచ్చే ఎండాకాలంలో మళ్లీ మాట్లాడుకుందాం, అప్పుడు నీ మాట కూడా వింటాం." ఆ ఎండాకాలం వచ్చినప్పుడు నిజంగా కూర్చుని మాట్లాడండి, పిల్ల మర్చిపోయి ఉంటుందిలే అనుకోవద్దు, మర్చిపోదు.